ఆల్గాల్‌కు గ్రహణం ఎన్ని గంటలకు?

గ్రహణం అనగానే పంచాంగం తీసి స్పర్శ కాలం, మధ్య కాలం, మోక్ష కాలం చూసుకోవడం మనకు అలవాటు. నల్లగొండ, పాలమూరు పెద్దవాళ్లను కదిలిస్తే 1980 ఫిబ్రవరి 16 గురించి ఇప్పటికీ చెబుతారు. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం నీడ కార్వార్ దగ్గర తీరం ఎక్కి రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం మీదుగా పూరీ వైపు వెళ్లింది. పట్టపగలు రెండు నిమిషాలు చీకటి పడింది. చాలా ఇళ్లల్లో తలుపులు బిగించుకుని కూర్చున్నారు.

ఆకాశంలో కొన్ని చుక్కలకు ఇలాంటి గ్రహణం మూడు రోజులకోసారి పడుతుంది. కొన్నిటికి రోజుకు ఐదారు సార్లు కూడా పడుతుంది. అది చూడటానికి పెద్ద టెలిస్కోపు అక్కర్లేదు. వాటిలో బాగా పేరున్న ఆల్గాల్‌కైతే మన కన్ను, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం చాలు. చూడటం వరకు తేలికే. అయితే చూసినదాన్ని ఏం చేసుకోవాలి, అందులోంచి ఏం తేలుతుంది అన్న దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు. దాదాపు అందరూ వెలుగు ఎంత తగ్గిందన్న దాని మీదే పడతారు. అసలు సరుకు ఎప్పుడు తగ్గిందన్న దాంట్లో ఉంది.

ముందు ఆకాశంలో జరిగేదేమిటో చూద్దాం. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. అవి తిరిగే తలం అంచు మన వైపు ఉంటే, ప్రతి చుట్టులో రెండు సార్లు ఒకటి మరొకదానికి అడ్డం వస్తుంది. ఆల్గాల్ మనకు సుమారు 90 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులోని రెండు నక్షత్రాల మధ్య దూరం కోటి కిలోమీటర్ల కంటే కొంచెం తక్కువ, అంటే సూర్యుడికీ బుధుడికీ మధ్య ఉన్న దూరంలో ఆరో వంతు కూడా కాదు. అంత దగ్గరగా ఉన్న జంట మామూలు టెలిస్కోపులో విడిగా కనిపించదు. మన పెరట్లో పెట్టుకునే ఏ పరికరంలోనైనా ఆల్గాల్ ఒక్క చుక్కే. ‘‘రెండు ఎక్కడున్నయ్ సార్?’’ అని ఐపీసులో కన్నుపెట్టి అడిగే పిల్లలకు ముందే చెప్పేయాలి, కనబడవని. కనబడేది వాటి వెలుగు మొత్తం. ఆ మొత్తం తగ్గడం పెరగడం చూసి లోపల రెండున్నాయని లెక్కగట్టాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. ఒక చుట్టులో రెండు గ్రహణాలు పడితే ఒకటి లోతుగా, ఇంకొకటి పైపైన ఎందుకుంటుంది? పెద్ద నక్షత్రం దాగితే ఎక్కువ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కక్ష్య గుండ్రంగా ఉంటే రెండు గ్రహణాల్లోనూ దాగే వైశాల్యం ఒక్కటే. తేడా అంతా ఉపరితలం ఎంత వేడిగా ఉందన్న దాంట్లోనే. వేడి నక్షత్రంలో ఒక చదరపు కిలోమీటరు ఇచ్చే వెలుగు చల్లటిదానిలో అంతే చోటు ఇచ్చేదానికి ఎన్నో రెట్లు. కాబట్టి వేడిది దాగినప్పుడు లోతైన గ్రహణం, చల్లటిది దాగినప్పుడు తేలికపాటి గ్రహణం. ఆల్గాల్‌లో వేడి నక్షత్రం ఉష్ణోగ్రత పన్నెండు వేల డిగ్రీలు దాటుతుంది, రెండోది నాలుగైదు వేల దగ్గర ఉంటుంది. పరిమాణంలో చూస్తే ఆ చల్లటిదే కాస్త పెద్దది కూడా. అందుకే ఆల్గాల్ లోతైన గ్రహణంలో మ్యాగ్నిట్యూడ్ 2.1 నుంచి 3.4కు పడిపోతుంది, అంటే వెలుగులో మూడో వంతు కంటే తక్కువ మిగులుతుంది. రెండో గ్రహణంలో తగ్గేది మాత్రం కన్ను పట్టలేనంత తక్కువ. మ్యాగ్నిట్యూడ్ లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, ఒక అంకె తేడాకు వెలుగు రెండున్నర రెట్లు మారినట్టు. ఈ తిరగమరగ లెక్క మొదట చిరాకు పెడుతుంది, వారం పది రోజుల్లో అలవాటైపోతుంది.

లైట్ కర్వ్, అంటే సమయం గడిచేకొద్దీ వెలుగు ఎలా మారిందో చూపే గీత, దాని ఆకారం కూడా చాలా చెబుతుంది. గ్రహణం అడుగు బల్లపరుపుగా ఉంటే ఒకటి రెండోదాన్ని పూర్తిగా కప్పేసిందని, లేదా చిన్నది పెద్దదాని ముందు నుంచి పూర్తిగా సాగుతోందని అర్థం. అడుగు కోసుగా ఉంటే పాక్షిక గ్రహణం. ఆల్గాల్‌ది పాక్షికమే. గ్రహణాల మధ్య గీత సమంగా ఉంటే రెండూ గుండ్రంగా, ఎడంగా ఉన్నట్టు. గీత ఎక్కడా నిలవకుండా వంపు తిరుగుతూనే ఉంటే, దగ్గరితనం వల్ల అవి ఒకదాన్నొకటి లాక్కుని కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయన్నమాట. ఇంకా దగ్గరైతే ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి. డబ్ల్యూ ఉర్సా మేజోరిస్ అలాంటిది. ఎనిమిది గంటల్లో ఒక చుట్టు, నాలుగు గంటలకో గ్రహణం.

ఇదంతా మొదట ఊహించింది పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఉండే జాన్ గుడ్‌రిక్‌కు చిన్నప్పటి నుంచి వినబడదు. 1782 నవంబరులో ఆల్గాల్ మసకబారడం చూశాడు. పొరుగున ఉండే ఎడ్వర్డ్ పిగోట్‌తో కలిసి వరసగా చూసి, అది 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి జరుగుతోందని పట్టాడు. ఏదో చీకటి గోళం అడ్డం వస్తుండవచ్చని, లేదా నక్షత్రం మీదే మచ్చలుండవచ్చని 1783లో రాయల్ సొసైటీకి రాశాడు. ఆ ఏడాదే కోప్లీ పతకం ఇచ్చారు. ఇరవై ఒక్క ఏళ్లకే పోయాడు. అతని మొదటి ఊహే నిజమని 1889లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ వర్ణపటం తీసి నిరూపించేదాకా నూరేళ్లు పట్టింది. నాకు ఇందులో ఆశ్చర్యం కలిగించేది ఊహ కాదు, ఆ 49 నిమిషాలు. ఇవాళ్టి లెక్క కూడా దాదాపు అదే. కంటితో చూసి అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగాడు? ఎన్నో చుట్లను కలిపి భాగించాడు, అంతే.

ఇక మన సంగతి. తెలంగాణ దక్షిణాన ఆల్గాల్‌కు మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. కృత్తికలు, అదే మన ఊళ్లల్లో పిల్లలకోడి అనే ఆ గుంపు కనబడితే దారి దొరికినట్టే. అక్కడి నుంచి ఉత్తరం వైపు కొంచెం పోతే పర్షియస్ మండలం, అందులో రెండో ప్రకాశవంతమైన చుక్క ఆల్గాల్. డిసెంబరు నడుమ రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య అది ఉత్తర దిక్కున దాదాపు 66 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మెడ నొప్పి పుడుతుంది కాబట్టి నులక మంచం వేసుకుని పడుకుని చూడటం మేలు.

హైదరాబాద్ వెలుగు మనకు పెద్ద తలనొప్పి. మహబూబ్‌నగర్ నుంచి చూస్తే ఆ కాంతి ఈశాన్యంలో ఉంటుంది, ఆల్గాల్ ఉదయించేది కూడా అటే. కాబట్టి పాలమూరు వాళ్లు చుక్క బాగా పైకొచ్చేదాకా ఆగాలి. నల్లగొండ వాళ్లకు తిరకాసు రెండో కొసన. వాళ్లకు నగరం వాయవ్యానికీ పడమరకూ మధ్య, ఆల్గాల్ దిగేది అటే. ఫిబ్రవరి, మార్చిలో చుక్క కిందికి దిగకముందే పని ముగించుకోవాలి. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలున్న చోట డిసెంబరు తెల్లవారుజామున మంచు పట్టి లెన్సులు చెమరుస్తాయి. కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన రోజుల్లో ఆకాశం అడుగంతా పొగే. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఊళ్ల బయట చీకటి ఇంకా బాగుంది. అమ్రాబాద్ అడవి లోపల బ్రహ్మాండంగా ఉంటుంది గానీ రాత్రిళ్లు దారి మూసేస్తారు, ఉండనివ్వరు.

పొలం గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టే ముందు ఊళ్లో ఎవరికైనా చెప్పిపెట్టుకోండి. రీజినల్ రింగ్ రోడ్డు మాట వినబడుతున్న ఊళ్లల్లో మూడు కాళ్ల స్టాండు చూస్తే చాలు, ‘‘సర్వేకొచ్చిండ్రా సారూ, మా భూమి గిట్ల పోతదా?’’ అని టెన్షన్ పడతారు. పాత కోటలు, గుట్టల దగ్గరైతే గుప్తనిధుల వాళ్లనుకుంటారు. ఒకసారి బైనాక్యులర్‌లో కృత్తికలు చూపిస్తే మాత్రం వాళ్లే టీ పంపుతారు.

కంటితో వెలుగు అంచనా వేసే పద్ధతి ఇది. ఆల్గాల్‌ను స్థిరమైన వెలుగున్న రెండు చుక్కల మధ్య పెట్టి పోల్చాలి, ఒకటి దానికన్నా ప్రకాశంగా, ఇంకొకటి మసకగా. మండలం పేరు పక్కన గ్రీకు అక్షరం పెట్టి చుక్కలను పిలుస్తారు, అంకె దాని మ్యాగ్నిట్యూడ్. పక్కనే ఉన్న ఆండ్రోమెడా గామా 2.1, పర్షియస్ ఎప్సిలాన్ 2.9, డెల్టా 3.0, ట్రయాంగులం ఆల్ఫా 3.4, పర్షియస్ కప్పా 3.8. ఆల్గాల్ ఎప్సిలాన్ కంటే కొంచెం మసకగా, ట్రయాంగులం ఆల్ఫా కంటే ప్రకాశంగా ఉందనుకోండి. ఆ రెండింటి మధ్య దూరాన్ని మనసులో ఐదు మెట్లు చేసుకుని, ఎప్సిలాన్ నుంచి రెండో మెట్టు దగ్గరుందనిపిస్తే 3.1 అని రాసుకోవాలి. పక్కన సమయం. ఆల్గాల్‌ను ఆనుకునే ఉన్న పర్షియస్ రో మీద మొదట కన్ను పడుతుంది, దాన్ని వాడొద్దు. అది కూడా చరతారే, ఎర్రటిది, దాని వెలుగు దానికదే మారుతుంటుంది. ఎర్రటి, నారింజ చుక్కలను కన్నార్పకుండా చూస్తే అవి ఉన్నదానికంటే ప్రకాశంగా అనిపిస్తాయి. అందుకే చూపు అటూ ఇటూ తిప్పుతూ చూడాలి. పోల్చే చుక్కలు ఆల్గాల్‌తో దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. దిగంతం దగ్గర గాలి పొర మందం కాబట్టి కిందున్న చుక్క ఊరికే మసకబారుతుంది.

దీంట్లో పెద్ద శత్రువు మబ్బు అనుకుంటారు. కాదు, మన మనసే. మధ్య కాలం ఎప్పుడో ముందే చూసుకుని వెళ్తే, ఆ గంటకు చుక్క తప్పకుండా మసకగా ‘కనిపిస్తుంది’. గ్రహణం ఏ రాత్రి ఉందో తెలిస్తే చాలు, గంట తెలియకపోతేనే మంచిది. ఇంట్లో ఇంకొకరిని ఆ సమయం చూసిపెట్టమనండి. ఇంతకుముందు రాసిన అంకె కనబడకుండా పేజీ మడిచి పెట్టుకోండి.

గ్రహణం స్పర్శ నుంచి మోక్షం దాకా పది గంటలు. అంతసేపు చూడనవసరం లేదు. స్పర్శ, మోక్షాల దగ్గర మార్పు ఎంత నెమ్మదంటే కన్ను పట్టుకోలేదు. మధ్య కాలానికి అటూ ఇటూ రెండున్నర గంటలు, పావుగంటకొకసారి చూస్తే సరిపోతుంది. వెలుగు అట్టడుక్కు చేరిన క్షణం చూసి రాసుకుందామనుకుంటే కుదరదు, ఎందుకంటే అక్కడ గీత చాలాసేపు కదలనట్టే ఉంటుంది. దానికో ఉపాయం ఉంది. దిగేటప్పుడు ఒక వెలుగు, ఎక్కేటప్పుడు అదే వెలుగు ఎప్పుడొచ్చాయో చూసి నడిమి సమయం తీయాలి. ఉదాహరణకు దిగుతూ 3.1కి రాత్రి 9.10కి చేరింది, ఎక్కుతూ మళ్లీ 3.1కి 12.00కి వచ్చింది. నడిమి సమయం 10.35. అలాగే 2.7 దిగుతూ 8.20కి, ఎక్కుతూ 12.54కి. నడిమి సమయం 10.37. ఇలా నాలుగైదు జతలు తీసి సగటు కడితే కంటితోనే పది నిమిషాలు అటూ ఇటూగా మధ్య కాలం దొరుకుతుంది.

ఆ సమయాన్ని ప్రపంచమంతా ఒకే లెక్కలో రాయడానికి జూలియన్ రోజు సంఖ్య వాడతారు, అంటే నెలలు, ఏళ్లు లేకుండా రోజులను వరసగా లెక్కపెట్టే అంకె. అది గ్రీనిచ్‌లో మధ్యాహ్నం 12కి మారుతుంది, అంటే మనకు సాయంత్రం 5.30కి. ఇది మనకు కలిసొచ్చింది. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా మన రాత్రంతా ఒకే సంఖ్యలో ఉంటుంది, నడిరాత్రి తేదీ మార్చుకునే గొడవ లేదు. 10.36 అంటే 5.30 నుంచి 5 గంటల 6 నిమిషాలు, అంటే రోజులో 0.2125 వంతు. ఆ దశాంశం జూలియన్ సంఖ్య పక్కన పెడితే అయిపోయింది. కెమెరాతో నిమిషం లోపు లెక్కలకు వెళ్లేటప్పుడు ఇంకో సవరణ కావాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఒకప్పుడు చుక్కకు దగ్గరగా, ఆరు నెలలకు దూరంగా ఉంటుంది కాబట్టి వెలుగు మనకు చేరే వేళ ఎనిమిది నిమిషాల దాకా ముందుకో వెనక్కో జరుగుతుంది. దాన్ని తీసేసి సూర్యుడి దగ్గర నిలబడి చూసినట్టు రాస్తారు.

ఆల్గాల్ గ్రహణాలు మన రాత్రిళ్లకు ఎలా తగులుతాయో కూడా తెలుసుకోవాలి. ఒకటి నడిరాత్రి పడితే మూడో రోజున తర్వాతది రాత్రి 8.49కి, ఆ తర్వాతది సాయంత్రం 5.38కి, అంటే వెలుతురులో పోయినట్టే. ఇక కొన్నాళ్లు అన్నీ పగలే. ఎనిమిది చుట్లకు 22 రోజుల 22 గంటల 31 నిమిషాలు. కాబట్టి ఒక మంచి రాత్రి చూశాక సుమారు 23 రోజులకు, గంటన్నర ముందుగా, మళ్లీ మంచి రాత్రి వస్తుంది.

డీఎస్ఎల్ఆర్ ఉంటే పని ఒక మెట్టు పైకి పోతుంది. పెళ్లిళ్ల సీజన్ కానప్పుడు ఫొటోగ్రాఫర్ల దగ్గర 50 ఎంఎం లెన్సుతో అద్దెకు కూడా దొరుకుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్ కావాలనే కొంచెం చెడగొట్టాలి. చుక్క చిన్న బిళ్లలా పరుచుకుంటే వెలుగు ఎక్కువ పిక్సెళ్లలో పడి, ఏ పిక్సెలూ నిండి పొంగిపోదు. రా ఫైళ్లు, ఐదు నుంచి పది సెకన్ల ఎక్స్‌పోజర్లు, వరసగా పది ఫొటోలు తీసి కలపాలి. రంగుల్లో ఆకుపచ్చ ఛానెలే తీసుకోవాలి, అది శాస్త్రజ్ఞులు వాడే వీ ఫిల్టర్‌కు దగ్గరగా ఉంటుంది. ఆస్ట్రోఇమేజ్‌జే, మ్యూనివిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చుక్క చుట్టూ గుండ్రంగా గీసి లోపలి కాంతిని కూడి, బయటి వలయం నుంచి ఆకాశపు వెలుగును తీసేస్తాయి. మన చుక్కకు 40,000, పోల్చే చుక్కకు 1,00,000 వస్తే మనది ఒక మ్యాగ్నిట్యూడ్ మసక. ఫోన్‌లో నైట్ మోడ్ ఫొటోలు మాత్రం ఈ పనికి పనికిరావు. అది తనకు తోచినట్టు వెలుగు సర్దేస్తుంది, ఎంత సర్దిందో చెప్పదు.

ఇంత కష్టపడి ఒక సమయం పట్టుకుని ఏం చేస్తాం? ఇంట్లో గోడ గడియారం రోజుకు ఒక సెకను వెనకబడుతుంటే ఒక్క రోజులో ఎవరూ కనిపెట్టలేరు. మూడేళ్లకు మాత్రం పద్దెనిమిది నిమిషాలు తేడా వచ్చి ఎవరికైనా తెలిసిపోతుంది. నక్షత్ర జంటలదీ అదే లెక్క. చుట్టుకు పట్టే కాలం ఒక్క సెకను మారినా వెయ్యి చుట్లకు, అంటే ఆల్గాల్ విషయంలో ఏడెనిమిదేళ్లకు, గ్రహణం 17 నిమిషాలు పక్కకు జరుగుతుంది. చూసిన సమయంలోంచి లెక్క కట్టిన సమయాన్ని తీసేసి, ఆ తేడాను ఏళ్ల వెంట గ్రాఫ్ మీద పెడతారు. గ్రాఫ్ మీది చుక్కలు అడ్డగీత మీదే ఉంటే మార్పేమీ లేదు. గీత వాలుగా ఉంటే మనం అనుకున్న కాలమే తప్పు. వంగుతూ పోతే ఒక నక్షత్రం నుంచి ఇంకొకదానికి పదార్థం ప్రవహిస్తుండవచ్చు. అలలా ఊగితే కనబడని మూడోది ఏదో ఈ జంటను అటూ ఇటూ లాగుతుండవచ్చు. లైరా మండలంలోని బీటాకు గ్రహణ కాలం ఏడాదికి సుమారు 19 సెకన్లు పెరుగుతోందని తేలింది ఇలాగే.

ఆల్గాల్‌లో ఈ పదార్థం చేతులు మారడం గురించే పెద్ద పజిల్ నడిచింది. బరువైన నక్షత్రం ఇంధనం త్వరగా కాల్చేసుకుని ముందు ముసలిదవ్వాలి. ఇక్కడేమో బరువు తక్కువున్నదే ముసలిదై ఉబ్బింది, మూడు సూర్యుళ్లకు పైగా బరువున్నది ఇంకా పడుచు వయసులో ఉంది. ఒకప్పుడు ఈ బలహీనుడే బరువైనవాడని, ఉబ్బినప్పుడు తన పదార్థం పక్కదానికి పోసేశాడని తేలాక చిక్కు వీడింది.

మరి కెప్లర్ లాంటి అంతరిక్ష టెలిస్కోపు ఒక్కటే రెండు వేలకు పైగా గ్రహణ జంటలను పట్టుకున్నాక ఇంట్లో కూర్చున్నవాళ్ల పని ఇంకా అవసరమా? నిజం చెప్పాలంటే, కంటితో తీసిన ఆల్గాల్ సమయం పరిశోధకులకు ఇవాళ పెద్దగా అక్కరకు రాదు. అది మనం చెయ్యి తిప్పుకోవడానికి. ఆరంగుళాల టెలిస్కోపుకు కెమెరా తగిలించి, పదో పదకొండో మ్యాగ్నిట్యూడ్ జంటకు నిమిషం తేడాలో మధ్య కాలం తీస్తే మాత్రం అది తప్పకుండా పనికొస్తుంది. అంతరిక్ష టెలిస్కోపు ఒక చోట కొన్నేళ్లు చూసి పక్కకు తిరుగుతుంది. గ్రాఫ్‌కు కావలసింది యాభై ఏళ్లు తెగని గొలుసు. పెద్ద టెలిస్కోపుల మీద ఒక రాత్రి దొరకడానికే శాస్త్రజ్ఞులు వరసలో నిలబడతారు, ఒకే చుక్క కోసం ఏటా వాటిని ఎవరిస్తారు?

ఈ పని మన గడ్డకు కొత్తేమీ కాదు. ఇబ్రహీంపట్నం అవతల జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర్లో 48 అంగుళాల టెలిస్కోపు నిలిపింది. కె.డి. అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ లాంటివాళ్లు అక్కడ ముఖ్యంగా చేసిన పరిశోధన గ్రహణ జంటల మీదే. ఏ పెద్ద సంస్థా లేకుండా చేసినవాళ్లలో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌కు చెందిన రాధాగోవింద చంద్ర ఉన్నారు. ట్రెజరీలో చిన్న ఉద్యోగం చేస్తూ, మొదట మూడంగుళాల టెలిస్కోపుతో, తర్వాత అమెరికా చరతారల సంఘం ఏఏవీఎస్ఓ పంపిన ఆరంగుళాలదానితో 37 వేలకు పైగా అంచనాలు పంపారు. 1911లో మొదలైన ఆ సంఘం ఇప్పటికీ ఎవరు పంపినా తీసుకుంటుంది. పోల్చే చుక్కల పటాలు ఉచితంగా ఇస్తుంది.

ఆల్గాల్ చేతికి అలవాటయ్యాక రోహిణికి దగ్గర్లో ఉన్న టారస్ లామ్డా చూడండి. నాలుగు రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు, 3.4 నుంచి 3.9కి దిగుతుంది. తేడా చిన్నది కాబట్టి కన్ను సానబట్టాలి. ఎండాకాలంలో డాబా మీద పడుకునే రోజులకు తుల రాశిలోని డెల్టా ఉంది. 2 రోజుల 8 గంటలకోసారి 4.9 నుంచి 5.9కి పడుతుంది, బైనాక్యులర్ కావాలి. బీటా లైరే వానాకాలం మబ్బుల్లో చిక్కుకుంటుంది, దసరా తర్వాత సాయంత్రాలు పడమట దొరుకుతుంది. దానికి 13 రోజులు పడుతుంది కనుక రాత్రికి ఒక్క అంచనా చాలు, నెల రోజుల్లో గ్రాఫ్ తయారవుతుంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఆరిగా మండలంలోని ఎప్సిలాన్‌కు మాత్రం తొందర లేదు. దాని గ్రహణం 27 ఏళ్లకోసారి, పడితే రెండేళ్ల దాకా వదలదు. పోయినసారి 2009లో మొదలై 2011లో విడిచింది. మళ్లీ 2036లో.